వరద తీసిన ఇంట్లో మిగిలే తేమ: బస్తర్‌లో బూజు నివారణ

ఒడిశాలో కొలాబ్ పేరుతో పుట్టి ఛత్తీస్‌గఢ్ అంచు వెంట ప్రవహించే శబరి నది కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ సంగమానికి ఎగువన, సుక్మా జిల్లా దక్షిణ కొసన, కోంటా పట్టణం ఉంది. గోదావరి ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో శబరి నీరు ముందుకు సాగలేక వెనక్కి ఎగదన్నుతుంది. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తరువాత అంతటి మట్టం అదే. ఆ రోజుల్లో కోంటా లోతట్టు బస్తీలు నీట మునిగాయి, 30వ నంబరు జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి.

2025 ఆగస్టు చివరి వారంలో బస్తర్ వరద మరో రూపంలో వచ్చింది. దంతేవాడ, బస్తర్, బీజాపూర్, సుక్మా జిల్లాల్లో కుండపోతగా కురిసిన వర్షానికి నదులు, వాగులు ఒక్కసారిగా పొంగాయి. రెండు వేలకు పైగా ప్రజలను సహాయ శిబిరాలకు తరలించవలసి వచ్చింది.

ఇంటి గోడల దృష్టితో చూస్తే ఈ రెండు వరదలూ ఒకటి కావు. కొండవాగు వరద కొన్ని గంటల్లో వచ్చి పోతుంది. అది గోడను కూల్చవచ్చు గాని, నిలిచిన గోడ లోతు వరకు నానేంత సమయం ఇవ్వదు. ఎగదన్నిన నీరు రోజుల తరబడి కదలకుండా ఉంటుంది. గోడ అడుగు నుంచి నీటిని పీల్చుకుంటుంది. ఇంట్లో నీటి గుర్తు నడుము ఎత్తున ఉంటే, తడి దానికి పైన కూడా పాకి ఉంటుంది. బూజు సమస్య ఎక్కువగా ఈ రెండో రకం వరద వెంట వస్తుంది. ఇందుకు ప్రపంచం చూసిన పెద్ద ఉదాహరణ న్యూ ఆర్లియన్స్ నగరం. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను తరువాత అక్కడ నీరు వారాల తరబడి నిలిచింది. ఆ ప్రాంతంలో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు జరిపిన సర్వేలో 46 శాతం ఇళ్లలో కంటికి కనిపించే బూజు ఉన్నట్టు తేలింది.

బూజు అనేది శిలీంధ్రాల సమూహం. దాని సూక్ష్మమైన బీజాలు గాలిలో ఎల్లప్పుడూ ఉంటాయి. వాటిని ఇంట్లోకి రాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. అవి మొలకెత్తడానికి కావలసినవి తేమ, తినడానికి కాస్త సేంద్రియ పదార్థం. చెక్క, వెదురు, కాగితం, దూది, మట్టి పూతలో కలిపిన వరిగడ్డి, గోడపై పట్టిన జిడ్డు, వరద మోసుకొచ్చిన ఒండ్రు, ఏదైనా దానికి ఆహారమే. తడిసిన వస్తువు 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలైనట్టే భావించాలి. అందువల్ల ఇంట్లోకి తిరిగి అడుగుపెట్టిన తొలి రెండు రోజుల్లో చేసే పనికి ఉన్న విలువ ఆ తరువాత రెండు నెలలు చేసే పనికి ఉండదు.

దులపరాని బూజు

తెలుగులో ఒక చిక్కు ఉంది. సాలెగూడు పట్టిన దుమ్మునూ బూజు అంటారు, తడికి పుట్టే శిలీంధ్రాన్నీ బూజే అంటారు. పండుగ ముందు చీపురు కర్రకు కట్టి బూజు దులపడం ఇంటింటి అలవాటు. కోంటా, భోపాలపట్నం ప్రాంతాల తెలుగు ఇళ్లలోనూ ఆ మాట, ఆ అలవాటు రెండూ ఉన్నాయి. సాలెగూటికి చీపురు సరిపోతుంది. శిలీంధ్రానికి అది పూర్తిగా తప్పు వైద్యం. ఎండిన మచ్చను చీపురుతో కొడితే అసంఖ్యాకమైన బీజాలు గాలిలోకి లేచి తడి ఉన్న ప్రతి మూలకూ చేరతాయి, దులిపేవారి ఊపిరితిత్తుల్లోకీ వెళతాయి. బూజు మచ్చను ముందుగా నీరు చిలకరించి తడిపి, సబ్బునీటి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి. ఫ్యాను విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. బూజు కనిపించకముందు ఫ్యాను మేలు చేస్తుంది. కనిపించిన తరువాత, శుభ్రం చేయకముందే తిప్పితే చీపురు చేసే పనినే మరింత వేగంగా చేస్తుంది.

మరో పొరపాటు గోడ మీది తెల్లటి పొడిని చూసి కలుగుతుంది. ఇటుక, సిమెంటు గోడలు ఆరుతున్నప్పుడు లోపలి లవణాలు పైకి వచ్చి తెల్లగా పేరుకుంటాయి. దానిపై నీటి చుక్క వేస్తే కరిగిపోతుంది. బూజు కరగదు. లవణం ఆరోగ్యానికి హాని చేయదు, కాని గోడ ఇంకా తడిగా ఉందనడానికి అదే సాక్ష్యం.

గాలే తడిగా ఉన్నప్పుడు

వరద అనంతర సూచనలన్నింటిలో మొదట ఉండే వాక్యం తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలన్నది. ఎండ కాసే దేశాల్లో ఇది నిండుగా పనిచేస్తుంది. బస్తర్‌లో వరదలు వచ్చేది జూలై, ఆగస్టు నెలల్లో. అప్పుడు గాలిలో తేమ తరచూ 80 శాతం దాటి ఉంటుంది. ఇంట్లో బూజు పెరగకుండా ఉండాలంటే అది 60 శాతం లోపు ఉండాలని నిపుణులు చెబుతారు. ముసురు పట్టిన రోజున కిటికీ తెరిస్తే బయటి తేమే లోపలికి వస్తుంది. కనుక తెరవడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు తెరవాలో తెలియడం అంతే ముఖ్యం. వాన తెరిపి ఇచ్చి ఎండ పొడ కనిపించిన మధ్యాహ్నపు గంటల్లో ఎదురెదురు తలుపులు తీసి ఉంచాలి. వాన కురుస్తున్నప్పుడు, సాయంత్రం చల్లబడిన తరువాత మూసివేయాలి. బూజు పట్టని గదిలో టేబుల్ ఫ్యానును కిటికీ వైపు తిప్పి, లోపలి గాలి బయటకు పోయేట్టు పెట్టడం మంచిది. అయితే నీట మునిగిన ఇంట్లో విద్యుత్ తీగలను, స్విచ్చులను తెలిసినవారు పరీక్షించేవరకు మెయిన్ వేయకూడదు.

పొయ్యి వేడి గదిని ఆరబెడుతుంది. పొయ్యి పైన వేలాడదీసిన విత్తనాలకు బూజు పట్టదని గిరిజన ఇళ్లలో పెద్దలకు తెలుసు. కాని తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి ఆరబెట్టాలని చూడడం ప్రాణాంతకం. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. డీజిల్ జనరేటరును కూడా ఇంటి లోపల, వరండాలో నడపరాదు.

బస్తర్ పల్లెల్లో మట్టి గోడలు, నాటు పెంకుల ఇళ్లు ఇప్పటికీ విస్తారంగా ఉన్నాయి. వాటి మధ్య ప్రభుత్వ గృహ పథకం కింద కట్టిన సిమెంటు ఇళ్లు లేచాయి. ఈ రెండింటికీ వైద్యం వేరు. మట్టి గోడకు ఒక మంచి గుణం ఉంది. అది తేమను పీల్చుకున్నట్టే విడిచిపెడుతుంది, పైన ఏదీ పూయకపోతే. నీరు తీసిన మొదటి రోజున దాని దగ్గర బూజు కన్నా ముందు చూడవలసినది పటుత్వం. అడుగు భాగం నానిన గోడ ఆరే దశలోనూ కూలవచ్చు. ఒరిగిన గోడ, పగులు కనిపించిన గోడ పక్కన ఎవరూ పడుకోకూడదు. ఒండ్రు గట్టిపడకముందే పారతో ఎత్తి బయట వేయాలి. అందులోనూ, మూలల్లో పేర్చిన సామాను కిందా పాములు చేరి ఉండవచ్చు కనుక కర్రతో కదిలించి చూడాలి. బూజు పట్టిన మట్టి పూతను కొద్దిగా తడిపి గీకి తీసి, ఆ మట్టిని ఇంటికి దూరంగా పారవేయాలి. దానినే మళ్లీ కలిపి పూస్తే బూజును చేతులారా గోడలో నాటినట్టవుతుంది. ఇల్లు శుభ్రపడిందన్న తృప్తి కోసం తడి నేలను వెంటనే పేడతో అలకడం చాలా చోట్ల చూస్తాం. అది నేలకు మళ్లీ తడిని, బూజుకు కొత్త ఆహారాన్ని అందిస్తుంది. అలకడం నేల పూర్తిగా ఆరిన తరువాతి పని.

సిమెంటు గోడ చూపుకు త్వరగా ఆరుతుంది, లోపలి ఇటుక ఆరదు. దానిపై రంగు వేయిస్తే తేమ లోపలే బందీ అయి, కొద్ది నెలల్లో రంగు పొక్కులుగా లేచి వెనుక నల్లటి మచ్చలు బయటపడతాయి. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. అరచేతి పరిమాణం గల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి ఒక రాత్రి, ఒక పగలు ఉంచాలి. లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే గోడ ఇంకా తడిగా ఉన్నట్టే.

వరద ప్రాంతాల్లో పంచాయతీలు, ఆరోగ్య సిబ్బంది బ్లీచింగ్ పౌడర్ పంచుతారు. దానిని సర్వరోగ నివారిణిగా వాడడం సరికాదు. సిమెంటు నేల, పింగాణీ పలకలు, లోహ పాత్రలు వంటి నీరు పీల్చని ఉపరితలాల మీద అది బాగా పనిచేస్తుంది. ముందు సబ్బుతో మురికి కడిగి, లీటరు నీటికి పది నుంచి పదిహేను గ్రాముల పొడి కలిపి, తేరిన నీటితో తుడవాలి. ద్రవరూప బ్లీచ్ అయితే 16 పాళ్ల నీటికి ఒక పాలు మించకూడదు. మట్టి, చెక్క, వెదురు లోపలికి దాని ప్రభావం చేరదు. పై మచ్చ తెల్లబడుతుంది, వేరు మిగులుతుంది. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో గాని, అమ్మోనియా ఉన్న ద్రావణాలతో గాని బ్లీచింగ్‌ను కలిపితే విషవాయువు పుడుతుంది. ఈ పనులన్నిటికీ రబ్బరు చేతి తొడుగులు, కళ్లకు రక్షణ, ఎన్-95 మాస్కు కావాలి. తువాలు మూతికి చుట్టుకుంటే బీజాలు ఆగవు.

దూది పరుపులు, దిండ్లు, ఉబ్బిన ప్లైవుడ్, బూజెక్కిన వెదురు బుట్టలు, నీరు దాచే సొరకాయ బుర్రలు వదులుకోవలసినవే. పేద ఇంట్లో పరుపు పారవేయమనడం తేలిక కాదు. కాని ఒకసారి లోపల బూజు పట్టిన దూదిని ఎంత ఎండబెట్టినా శుభ్రపరచడం సాధ్యం కాదు. ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాల్లో ఈ నిర్ణయాన్ని పిల్లలు తిరిగి రాకముందే అధికారులు తీసుకోవాలి. బట్టలు వేడినీటిలో ఉతికి ఎండకు వేస్తే చాలు. రేషన్ కార్డులు, వన హక్కు పట్టాల వంటి కాగితాలను మధ్య మధ్య పొడి కాగితాలు పెట్టి నీడలో ఆరనివ్వాలి. తేమ ఉండగానే ల్యామినేషన్ చేయిస్తే అవి లోపలే కుళ్లిపోతాయి.

గాదెలో ఉన్న ప్రమాదం

గోడ మీది బూజు కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది. అంతకన్నా పెద్ద హాని గాదెలో ఉండవచ్చు. వానాకాలం నాటికి బస్తర్ ఇళ్లలో తిండికి ఉంచుకున్న ధాన్యం, విత్తనపు మొక్కజొన్న, వేసవిలో ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వు, చింతపండు నిల్వ ఉంటాయి. వరద నీటిలో మునిగిన గింజను మురుగు కలిసిన కారణంగానే తినకూడదు. నేరుగా మునగకుండా తేమ మాత్రమే తగిలిన గింజ మరింత మోసం చేస్తుంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం దానిలో అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. కడిగినా, ఎండబెట్టినా, వండినా ఆ విషం పూర్తిగా పోదు.

ఈ దేశంలో ఆ పాఠం ప్రాణాలతో నేర్చుకున్నది. 1974 చివరలో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లాల గిరిజన గ్రామాల్లో పచ్చకామెర్లతో, పొట్ట ఉబ్బి జనం మరణించసాగారు. 150కి పైగా గ్రామాల్లో నాలుగు వందల మంది వరకు జబ్బుపడగా 106 మంది చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరిశోధించి, అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నే కారణమని తేల్చారు. అదే తిండి తిన్న పెంపుడు కుక్కలు కూడా చనిపోయాయి. బూజు గింజలు ఏరి పశువులకు, కోళ్లకు వేయడం కూడా క్షేమం కాదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

బూజు ఇంట్లో ఆరోగ్యవంతులకు తుమ్ములు, కళ్ల మంట, దగ్గు వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం పెరుగుతుంది. పాత క్షయ వ్యాధి వల్ల ఊపిరితిత్తుల్లో గుల్లలు ఏర్పడినవారిలో ఆస్పర్‌జిల్లస్ ఆ గుల్లల్లోనే స్థిరపడగలదు. అలాంటివారు, మధుమేహం అదుపులో లేనివారు, గర్భిణులు శుభ్రపరిచే పనికి దూరంగా ఉండాలి. కోవిడ్ కాలంలో 2021లో వణికించిన బ్లాక్ ఫంగస్ గుర్తుకొచ్చి గోడ మీది నల్ల మచ్చను చూసి కొందరు భయపడతారు. ఆ వ్యాధిని కలిగించే శిలీంధ్రాల వర్గం వేరు. నల్లగా ఉన్నంత మాత్రాన అది ఆ జబ్బు కాదు. వారం దాటినా దగ్గు తగ్గకపోతే, దగ్గులో రక్తం కనిపిస్తే ఊళ్లోని మితానిన్‌కు చెప్పాలి లేదా 104కు ఫోన్ చేయాలి.

ప్రభుత్వ సహాయం విషయంలో ఒక వాస్తవాన్ని ముందే తెలుసుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో విపత్తు సహాయం రెవెన్యూ బుక్ సర్క్యులర్ 6-4 ప్రకారం అందుతుంది. కూలిన ఇల్లు, పగిలిన గోడ లెక్కకు వస్తాయి, గోడలో మిగిలిన తేమ రాదు. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో గుడిసెలు కాని ఇళ్లకు పాక్షిక నష్టం కింద సహాయం అందాలంటే కనీసం 15 శాతం దెబ్బతిని ఉండాలి. పట్వారీ సర్వేకు రావడానికి ముందే ఇల్లు శుభ్రం చేయక తప్పదు, ఎందుకంటే బూజు సర్వే కోసం ఆగదు. కాబట్టి పారవేసే ప్రతి వస్తువునూ, నీటి గుర్తు కనిపించేట్టు ప్రతి గోడనూ ముందుగా ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవాలి.

నైరుతి రుతుపవనాలు వెనుదిరిగి, అక్టోబరు తరువాత పొడిగాలి మొదలైనప్పుడు ప్లాస్టిక్ కాగితం పరీక్ష మరొకసారి చేయాలి. బిందువులు కనిపించకపోతే అప్పుడు సున్నం వేయవచ్చు. తాజా సున్నపు క్షారగుణం బూజును ఎదగనివ్వదు, పైగా రంగుల మాదిరి గోడ శ్వాసను మూసివేయదు. గాలి తగిలేకొద్దీ ఆ గుణం తగ్గిపోతుంది కనుక ఏటా కొత్తగా వేయాలి. సున్నం తడిపేటప్పుడు, గోడకు వేసేటప్పుడు అది కళ్లలో పడకుండా చూసుకోవాలి. మంచాలు, పెట్టెలు, ధాన్యపు బస్తాలు గోడకు ఒక అడుగు ఎడంగా, నేలకు ఎత్తుగా ఉంచాలి.