పిల్లల జీర్ణాశయ కణితులు - రోబో శస్త్రచికిత్స

పిల్లల జీర్ణాశయంలో కణితి లేవడం చాలా అరుదు. పసికందుల్లో, అందులోనూ మగపిల్లల్లో కనిపించేది టెరటోమా, అంటే రకరకాల కణజాలాలు కలగలిసిన గడ్డ. కాస్త ఎదిగిన ఆడపిల్లల్లో ఎక్కువగా వచ్చేది జిస్ట్, అంటే జీర్ణాశయ గోడలో పుట్టే కణితి. రెండో దాన్ని పట్టుకోవడం కష్టం. పిల్ల పాలిపోయి ఉంటుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఐరన్ టానిక్ ఎంత పట్టించినా హిమోగ్లోబిన్ నిలవదు. మలం తారులా నల్లగా వస్తోందని ఎవరో గమనించాక గానీ ఎండోస్కోపీ దాకా వ్యవహారం వెళ్లదు.

ఇలాంటి కణితిని తీయడానికి ఇప్పుడు రోబోనూ వాడుతున్నారు. రోబో అని పేరే గానీ అది సొంతంగా కోసేదేమీ లేదు. సర్జన్ కన్సోల్ ముందు కూర్చుని వేళ్లు కదిపితే, కడుపులోని సన్నని పరికరాలు మణికట్టులా తిరుగుతాయి. డావిన్చీ అనే ఇలాంటి యంత్రానికి అమెరికాలో 2000 జూలైలో అనుమతి వచ్చింది. ఆ ఏడాదే జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పదేళ్ల పాపకు దానితో ఆపరేషన్ చేశారు. అది కణితికి కాదు, ఆమ్లం పైకి ఎగదన్నకుండా జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టి కుట్టే ఫండోప్లికేషన్. చిన్న చోటులో కుట్లు వేయడం రోబోకు బాగా చేతనవుతుందని అది చూపింది.

కణితి కథ దీనికన్నా పాతది, చిక్కులూ ఎక్కువే. 1977లో మేయో క్లినిక్ పాథాలజిస్టు కార్నీ, కొందరు యువతుల్లో జీర్ణాశయ కణితితోపాటు ఊపిరితిత్తుల్లో, నాడీగ్రంథుల్లో కూడా గడ్డలు లేవడం గుర్తించాడు. 1998లో జపాన్‌కు చెందిన హిరోటా బృందం జిస్ట్‌కు మూలం కిట్ జన్యువులోని మార్పని చూపింది. కిట్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ మాత్ర జిస్ట్ వచ్చిన పెద్దల రాత మార్చింది ఆ దారినే. పిల్లల్లో మాత్రం చాలామందికి ఆ మార్పు ఉండదు, ఎస్‌డీహెచ్ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. మాత్ర అంతగా పనిచేయదు, కత్తే దిక్కు.

అయితే ఎంత కోయాలి? ఈ కణితులు ఒకటికి నాలుగుగా లేస్తాయి, లింఫ్ గ్రంథులకు, కాలేయానికి పాకుతాయి, అయినా నెమ్మదిగా పెరుగుతాయి. కాబట్టి ఎదిగే పిల్ల జీర్ణాశయాన్ని మొత్తంగా తీసేయడానికి సర్జన్లు తొందరపడరు. కణితిని చుట్టూ కొంత అంచుతో తీసి, మిగతాది కుట్టేస్తారు. జీర్ణాశయం వెనక గోడ మీదో, అన్నవాహిక కలిసే చోటో ఉన్న కణితికి రోబో అక్కరకొచ్చేది ఇక్కడే. కణితి పొర చిట్లితే కణాలు కడుపంతా చిమ్ముతాయి. అందుకే దాన్ని సుతారంగా పట్టుకోవాలి. కానీ డావిన్చీ పాత నమూనాల్లో చేతికి స్పర్శ తెలియదు, సర్జన్ కంటితోనే బిగువు అంచనా వేయాలి. ఈ యంత్రానికి బలం తెలిపే పరికరాలు 2024లో డావిన్చీ 5తో గానీ రాలేదు.

యంత్రాన్ని పెద్దల ఒడ్డూపొడవుకు తగ్గట్టు చేశారన్నది మరో ఇబ్బంది. 8 మిల్లీమీటర్ల పరికరాల మధ్య కొన్ని సెంటీమీటర్ల ఎడం కావాలి. నెలల బిడ్డ పొట్ట మీద అంత చోటెక్కడిది? పైగా టెరటోమా ఒక్కోసారి పొట్టంతా ఆక్రమిస్తుంది. కోసిన గడ్డను సంచిలో పెట్టి బయటికి లాగడానికే పెద్ద కోత పెట్టాల్సి వస్తే, చిన్న రంధ్రాలతో ఒరిగేదేమీ లేదు. అలాంటి పసివాళ్లకు ఓపెన్ ఆపరేషనే చేస్తారు.