గార తీయిస్తే పళ్ళు కదులుతాయా? దంతశుద్ధి గురించి తెలుసుకోవలసినవి

బోద్రీ (బిలాస్‌పుర్): పళ్ళ మీద పేరుకున్న గారను దంతవైద్యుల చేత తీయించుకుంటే ఎనామిల్ అరిగిపోతుందని, పళ్ళు వదులవుతాయని, సందులు ఏర్పడతాయని చాలామంది భయపడతారు. ఆ భయంతో చికిత్సను ఏళ్ళ తరబడి వాయిదా వేసినవారిలో కొందరు, చివరకు ఏ పళ్ళను కాపాడుకోవాలనుకున్నారో వాటినే పోగొట్టుకుంటారు. వైద్యశాస్త్రం చెప్పేది ఇందుకు భిన్నం. పంటిని వదులు చేసేది గారను తీయడం కాదు, గారను ఉండనివ్వడం.

ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కొలువైన బోద్రీ, బిలాస్‌పుర్ నగరాన్ని ఆనుకొని ఉన్న చిన్న పట్టణం. బిలాస్‌పుర్ 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా నివసిస్తున్నాయి. బోద్రీలో త్రివేణి దంత వైద్య కళాశాల, దాని అనుబంధ ఆసుపత్రి ఉన్నాయి. అందువల్ల ఈ ప్రాంతవాసులకు దంతవైద్యం దూరభారం కాదు. అడ్డుపడేది ఎక్కువగా అపోహే.

పాచి, గార ఒకటి కావు

పళ్ళపై అనునిత్యం ఏర్పడే మెత్తని, జిగట పొర పాచి. ఇది సూక్ష్మజీవుల సముదాయం. బ్రష్‌తోనో, వేపపుల్లతోనో దీనిని తొలగించవచ్చు. తొలగించని పాచిలో లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు చేరి, కొద్ది రోజులలోనే అది గట్టిపడటం మొదలవుతుంది. అలా రాయిలా గట్టిపడినదే గార. లాలాజల గ్రంథులు తెరుచుకునే చోట, అంటే కింది ముందు పళ్ళ లోపలి వైపున, పై దవడ పళ్ళ బయటి వైపున గార ఎక్కువగా పడుతుంది. ఒకసారి గట్టిపడిన గార ఎంత తోమినా పోదు. గట్టిగా తోమితే అరిగేవి చిగుళ్ళు, పంటి మెడ భాగమే.

గార గరుకు ఉపరితలంపై కొత్త పాచి సులభంగా అంటుకుంటుంది. దాని ప్రభావానికి చిగుళ్ళు ఎర్రబడి, ఉబ్బి, తోముకునేటప్పుడు రక్తం కారుతుంది. ఇది చిగుళ్ళ వాపు. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో బృందం జరిపిన ప్రసిద్ధ ప్రయోగంలో, ఆరోగ్యవంతులైన 12 మంది పళ్ళు శుభ్రం చేసుకోవడం మానివేయగా 10 నుంచి 21 రోజులలో అందరికీ చిగుళ్ళ వాపు వచ్చింది. తిరిగి శుభ్రత పాటించగానే అది తగ్గిపోయింది. ఈ దశలో వ్యాధి పూర్తిగా నయమవుతుంది.

నిర్లక్ష్యం చేస్తే కొందరిలో వాపు లోపలికి పాకి, పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగిస్తుంది. దీనినే పెరియోడాంటైటిస్ అంటారు. ఇలా కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ళ వ్యాధితో బాధపడుతున్నవారు ప్రపంచంలో 100 కోట్లకు పైనే.

పళ్ళు వదులైనట్లు ఎందుకు అనిపిస్తుంది?

ఎముక కరిగిన పంటిని చుట్టూ పేరుకున్న గార పక్క పళ్ళతో కలిపి కట్టు కట్టినట్లు పట్టి ఉంచుతుంది. వాచిన చిగురు పళ్ళ మధ్య ఖాళీని కప్పివేస్తుంది. గార తీసి, వాపు తగ్గాక అంతకుముందే ఉన్న కదలిక, ఖాళీ బయటపడతాయి. రోగికి అవి చికిత్స వల్ల కలిగినట్లు తోస్తుంది. నిజానికి అది మరుగున ఉన్న నష్టం కనిపించడం మాత్రమే. వాపు తగ్గిన తరువాత కొంతమేరకు పళ్ళు తిరిగి బిగుసుకోవడమూ కద్దు.

చికిత్స ఎలా చేస్తారు?

మొదట సన్నని కొలత పరికరంతో పంటికి, చిగురుకు మధ్య లోతును కొలుస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు సాధారణం. 4 మిల్లీమీటర్లు, అంతకు మించిన చోట్ల వ్యాధి ఉన్నదేమో పరిశీలిస్తారు. అవసరమైతే ఎక్స్‌రే తీసి ఎముక స్థితిని చూస్తారు.

తరువాత అల్ట్రాసోనిక్ స్కేలర్‌తో గారను తొలగిస్తారు. సెకనుకు 25 వేలకు పైగా కంపించే దీని మొన గారను పగులగొడుతుంది. వేడి పుట్టకుండా నీటి తుంపర నిరంతరం పడుతూ ఉంటుంది. సరైన పద్ధతిలో వాడితే ఇది ఎనామిల్‌కు చెప్పుకోదగిన హాని చేయదు. మిగిలిన గారను చేతి పరికరాలతో తీసి, రబ్బరు కప్పు, పేస్టుతో నునుపు చేస్తారు.

చిగురు కింద లోతుగా గార చేరినవారికి మత్తు సూది ఇచ్చి వేరు భాగాన్ని కూడా శుభ్రపరుస్తారు. దీనికి రెండు మూడు సార్లు రావలసి ఉంటుంది. కొన్ని వారాల తరువాత లోతును మళ్ళీ కొలిచి ఫలితాన్ని నిర్ధారిస్తారు.

శుభ్రపరిచిన తరువాత కొద్ది రోజుల పాటు చల్లని, వేడి పదార్థాలకు పళ్ళు జివ్వుమనడం, చిగుళ్ళు కొద్దిగా నొప్పి పెట్టడం సహజం. రక్తస్రావం ఆగకపోయినా, వాపు పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే వైద్యుని సంప్రదించాలి.

ఎంతకాలానికి ఒకసారి?

అందరికీ ఆరు నెలలకోసారి తప్పనిసరి అన్న నియమానికి బలమైన ఆధారం లేదు. తీవ్రమైన చిగుళ్ళ వ్యాధి లేని పెద్దలపై 2018లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, రెండు మూడేళ్ళ కాలంలో 6 లేదా 12 నెలలకోసారి క్రమం తప్పక స్కేలింగ్ చేయించినవారికి, అలా చేయించనివారికి మధ్య చిగుళ్ళ ఆరోగ్యంలో చెప్పుకోదగిన తేడా లేదని తేల్చింది. వ్యాధి ఉన్నవారికి ఇది వర్తించదు. పెరియోడాంటైటిస్‌కు చికిత్స పొందినవారు సాధారణంగా 3 నుంచి 6 నెలలకోసారి పరీక్షకు రావలసి ఉంటుంది. చిగుళ్ళ స్థితి, పొగాకు అలవాటు, మధుమేహం వంటి అంశాలను బట్టి వ్యవధిని వైద్యుడు నిర్ణయించాలి.

పొగాకుతో పళ్ళు తోమడం

ఛత్తీస్‌గఢ్‌లో పొగాకును బెల్లపు మడ్డితో కలిపి చేసే గుడాఖూ అనే ముద్దతో పళ్ళు, చిగుళ్ళు రుద్దుకునే అలవాటు ఉంది. పళ్ళు శుభ్రపడుతున్నాయన్న భ్రమలో ఇది వ్యసనంగా మారుతుంది. 2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలోని వయోజనులలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతుండగా, ఛత్తీస్‌గఢ్‌లో అది 39.1 శాతం. పొగ తాగేవారిలో రక్తనాళాలు కుంచించుకుపోయి చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా కారుతుంది. అందువల్ల వ్యాధి ముదిరినా సంకేతం కనిపించకపోవచ్చు. పొగాకు మానకుండా ఎన్నిసార్లు గార తీయించినా ఫలితం నిలవదు. నోటిలో తెల్లని లేదా ఎర్రని మచ్చ, రెండు వారాలకు మించి మానని పుండు ఉంటే శుభ్రపరిచే సమయంలోనే వైద్యునికి తప్పక చూపాలి.

వైద్యునికి ముందుగా చెప్పవలసినవి

మధుమేహం ఉన్నవారికి ఈ చికిత్స మరింత ముఖ్యం. చిగుళ్ళ వ్యాధికి చికిత్స చేస్తే మూడు నాలుగు నెలలలో హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం పాయింట్ల మేర తగ్గుతుందని 2022 కాక్రేన్ సమీక్ష పేర్కొంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి చెప్పాలి, వాటిని సొంతంగా ఆపకూడదు. కృత్రిమ గుండె కవాటం ఉన్నవారికి, గతంలో గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవారికి ముందుగా యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. పేస్‌మేకర్ ఉన్న విషయమూ తెలపాలి. గర్భిణులు నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్యకాలం వారికి సౌకర్యం.

తెల్లబరచడం వేరు

దంతశుద్ధి పైపొర మరకలను, గారను తొలగిస్తుందే తప్ప పంటి సహజ రంగును మార్చదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాలలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఏర్పడిన గోధుమరంగు మచ్చలు ఎనామిల్ ఏర్పడే దశలోనే వచ్చినవి కనుక స్కేలింగ్‌తో పోవు. వాటికి వేరే చికిత్సలున్నాయి. క్షణాలలో పళ్ళు తెల్లబరుస్తామనే అర్హత లేనివారు వాడే ఆమ్లాలు ఎనామిల్‌ను శాశ్వతంగా కరిగిస్తాయి.

పళ్ళు శుభ్రపరిచే పని నమోదైన దంతవైద్యులది, దంత హైజీనిస్టులది. నమోదు వివరాలు అడగడం రోగి హక్కు. ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసిన పరికరాల పొట్లాన్ని తన ఎదుటే విప్పమని కోరడంలోనూ తప్పు లేదు. దంత కళాశాలల ఆసుపత్రులలో అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చికిత్స చేస్తారు. సమయం కాస్త ఎక్కువ పట్టినా, ఖర్చు సాధారణంగా ప్రైవేటు క్లినిక్‌ల కంటే తక్కువ. రైల్వే ఉద్యోగులు ముందుగా తమ రైల్వే ఆసుపత్రిలో విచారించుకోవడం మేలు.

ఇంటి వద్ద చేయవలసినది

శుభ్రపరిచిన గంటల వ్యవధిలోనే పాచి మళ్ళీ ఏర్పడటం ఆరంభమవుతుంది. మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకోవాలి. పళ్ళ సందులను ఫ్లాస్‌తోగాని, సన్నని సందు బ్రష్‌తోగాని రోజుకొకసారి శుభ్రపరచాలి. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు వంటి గరుకు పదార్థాలు పళ్ళను అరగదీస్తాయి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నదని తోమడం మానడం పొరపాటు. ఆ రక్తమే వైద్యుని వద్దకు వెళ్ళవలసిన సమయం వచ్చిందనడానికి తొలి సూచన.