గురిగింజ విషము – మాంసకృత్తుల పరీక్ష

ఎర్రని ఒంటిమీద నల్లని మచ్చ గల గురిగింజను కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాల పిల్లలు కూడా ఎరుగుదురు. వినాయకచవితినాడు మట్టిబొమ్మకు కన్నులు ఇవే. పూర్వం కంసాలులకు తూనికలూ ఇవే. 96 గింజల ఎత్తు ఒక తులం. సామెత దీని నలుపును గూర్చి చెప్పింది గాని, లోపలి విషాన్ని గూర్చి చెప్పలేదు.

ఆ విషం సంగతి తోళ్ళకోసం పశువులను చంపే దొంగలకు బాగా తెలుసు. 19వ శతాబ్దంలో వారు గింజలను నూరి, ముద్దను సూదులుగా చేసి ఎండబెట్టి, పశువు చర్మంలో గ్రుచ్చేవారు. గింజ నానిన నీటిని 1882లో పారిస్ వైద్యుడు ద వెకర్ కంటిజబ్బులకు వాడగా, దానివలన కలిగే వాపుకు సూక్ష్మజీవి కారణమని జర్మనీలో సాట్లర్ వాదించాడు. కలకత్తాలో వార్డెన్, వాడెల్ అనువారు 1884లో ఆ వాదాన్ని త్రోసిపుచ్చారు. విషం సూక్ష్మజీవి కాదు, గింజలోని మాంసకృత్తే! దానికి ఏబ్రిన్ అని పేరు వచ్చింది. 1891లో ఎర్లిక్ దీనినీ, ఆముదపు గింజలోని రిసిన్‌నూ ఎలుకలకు కొద్దికొద్దిగా ఇచ్చి, రోగనిరోధకశక్తి ఏర్పడే తీరును చూపాడు.

ఏబ్రిన్‌లో రెండు గొలుసులున్నాయి. ఒకటి జీవకణాన్ని పట్టుకొంటుంది. రెండవది లోపల జొరబడి, మాంసకృత్తులు తయారయ్యే రైబోసోములను పాడుచేస్తుంది. గట్టి పొట్టుతో మింగిన గింజ తరచు అట్లే బయటికి పోతుంది. నమలినా, నూరినా ప్రమాదమే. పేనుకొరుకుడుకు ఈ గింజల ముద్ద పూయడం పాత వైద్యం. గీరుకుపోయిన చర్మంమీద పచ్చిముద్ద పూయడమంటే పశువుకు సూది గ్రుచ్చడం వంటిదే.

ఆయుర్వేదం ఈ గింజను శుద్ధిచేయనిదే వాడరాదంటుంది. గుడ్డలో మూటగట్టి, పాలలోనో కాంజికంలోనో వ్రేలాడదీసి గంటలకొద్దీ ఉడికిస్తారు. వేడికి మాంసకృత్తు రూపుచెడుతుంది గనుక ఇది యుక్తమే. అయితే ప్రతి మూటా లోపలిదాకా ఉడికిందా?

దీనికి ఎలక్ట్రోఫోరెసిస్ తోడ్పడుతుంది. గింజల సారాన్ని జిగురుపలకపై ఉంచి విద్యుత్తు ప్రసరింపజేస్తే, మాంసకృత్తులు పరిమాణాన్నిబట్టి వేరువేరు చారలవుతాయి. గొలుసులను విడదీసినప్పుడు ఏబ్రిన్ 30,000, 35,000 అణుభారాల దరిదాపుల రెండు చారలుగా కనిపిస్తుంది. పచ్చిగింజల చారలను శుద్ధిచేసినవాటితో పోల్చి చూడాలి. కాని చార ఉన్నంతమాత్రాన విషం బ్రతికి ఉన్నదని కాదు. రూపుచెడినదీ చారను ఇయ్యవచ్చు. కావున రక్తకణాలను గడ్డకట్టించే గుణం పోయిందో లేదో కూడా పరీక్షించాలి.

భారత ఔషధ నియమాలలోని విషద్రవ్యాల పట్టికలో గురిగింజ, జీడిగింజ రెండూ ఉన్నాయి. వాటితో చేసిన లోపలికి పుచ్చుకొనే మందు సీసాపై వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనన్న హెచ్చరిక అచ్చువేయాలి.