కాడ్రింగ్టన్ తోటలు: చర్చి బానిస యాజమాన్యంపై ఆధారాల పరిశీలన

బానిసత్వం విషయంలో ఇంగ్లండు చర్చి పాత్రపై పరస్పర విరుద్ధమైన వాదనలు ఉన్నాయి. దాని రద్దుకు చర్చి తోడ్పడిందని కొందరు, చర్చే బానిసలను పెట్టుకుందని మరికొందరు అంటారు. రెండింటికీ కొంత ఆధారం ఉంది. అయితే మతాధికారులు వ్యక్తులుగా చేసినదాన్నీ, చర్చి సంస్థగా చేసినదాన్నీ విడదీసి చూడకుండా ఒక నిర్ణయానికి రావడం కష్టం. బార్బడోస్ దీవిలోని కాడ్రింగ్టన్ తోటల పత్రాలు గణనీయంగా మిగిలి ఉన్నందున ఈ పరిశీలనకు అనువుగా ఉంటాయి.

1. వీలునామా. క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ 1710లో మరణిస్తూ తన రెండు చెరకు తోటలను సువార్త వ్యాప్తి సంఘానికి (ఎస్.పి.జి.) వదిలివెళ్లాడు. ఈ సంఘం 1701లో లండన్‌లో ఏర్పడింది. 19వ శతాబ్దంలో నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతాల్లో పనిచేసిన మిషన్ కూడా ఇదే. వీలునామా సంవత్సరం ఒకచోట 1702 అనీ మరొకచోట 1703 అనీ కనిపిస్తుంది. నాటి ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరిలో రాసిన పత్రానికి ఈ తేడా రావడం సహజమే కనుక, దీన్నిబట్టి రెండు వీలునామాలు ఉన్నాయని ఊహించనక్కరలేదు. తోటలను విడగొట్టకూడదనీ, కనీసం 300 మంది నీగ్రోలను వాటిలో ఎప్పుడూ ఉంచాలనీ, ఆదాయంతో వైద్యం, దైవశాస్త్రం బోధించే కళాశాల నెలకొల్పాలనీ అందులోని షరతులు.

సంఘం చేతులను ఈ షరతులే కట్టేశాయన్న సమర్థన ఉంది. దాన్ని పూర్తిగా కొట్టివేయలేం. కానీ బానిసల ఛాతీపై ఇనుముతో ‘సొసైటీ’ అని వాత పెట్టడానికి వీలునామాలో మూలం లేదు. ఆ ఆచారం 1730ల తొలినాళ్లలో ఆగినట్టు చెబుతారు. హ్యారీ బెనెట్ 1958లో ప్రచురించిన అధ్యయనం మరింత బరువైన సాక్ష్యం: 1712 తర్వాతి అర్ధశతాబ్దంలో సుమారు 450 మందిని కొన్నప్పటికీ తోటల్లో ఉన్నవారి సంఖ్య పెరగకపోగా తగ్గిందని అది చూపుతుంది. కొన్నవారు కొన్నట్టే చనిపోతూ వచ్చారని తప్ప దీనికి మరో అర్థం చెప్పడం కష్టం.

2. బోధ. 1711లో బిషప్ ఫ్లీట్‌వుడ్ సంఘం ఎదుట ప్రసంగిస్తూ, బానిసలు యజమానుల్లాంటి మనుషులేననీ, వారికి బాప్తిస్మం నిరాకరించరాదనీ వాదించాడు. అదే సమయంలో, బాప్తిస్మంతో బానిసత్వం రద్దు కాదని యజమానులకు భరోసా కూడా ఇచ్చాడు. 1727లో లండన్ బిషప్ గిబ్సన్ రాసిన బహిరంగ లేఖదీ ఇదే ధోరణి. 1783లో బిషప్ పోర్టియస్ కాడ్రింగ్టన్ బానిసల స్థితిగతులను మెరుగుపరచాలని సంఘాన్ని బహిరంగంగా కోరాడు. మరుసటి ఏడాది అతని ప్రణాళికను సంఘం తిరస్కరించింది. పరిస్థితి తెలియక మిన్నకున్నారన్న వాదన ఆ తేదీ తర్వాత నిలవదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

3. పరిహారం. పొరపాట్లు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. 1833 నాటి బానిసత్వ రద్దు చట్టం 2 కోట్ల పౌండ్లు కేటాయించింది బానిసలకు కాదు, యజమానులకు. ఎక్సెటర్ బిషప్ ఫిల్‌పాట్స్ 665 మంది బానిసలకుగాను దాదాపు 13,000 పౌండ్లు తీసుకున్నాడని 2006 నాటి వార్తాకథనాల్లో వచ్చింది. మొత్తం సరైనదే అయినా, డడ్లీ ప్రభువు వీలునామాను అమలు చేసే ధర్మకర్తల్లో ఒకడిగా మరి ముగ్గురితో కలిసి అతను ఆ క్లెయిము వేశాడు. ఆ 665 మంది అతని సొంత బానిసలని చెప్పడానికి ఈ క్లెయిము చాలదు. అందువల్ల అతను నిర్దోషి అయిపోడు. ఆరోపణ స్వభావం మాత్రం మారుతుంది.

కాడ్రింగ్టన్ విషయంలో అలాంటి సందిగ్ధత లేదు. 411 మందికిగాను 8,823 పౌండ్ల పరిహారం సంఘానికే చేరింది. ఎస్.పి.జి.ని మొత్తం చర్చితో సమానం చేయడం సాంకేతికంగా సరికాకపోవచ్చు. అయితే దాని అధ్యక్షుడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పే, బిషప్పులు సభ్యులు. 2006 ఫిబ్రవరిలో చర్చి మహాసభ క్షమాపణ చెప్పింది. ఎస్.పి.జి. వారసురాలైన సంస్థ 2023లో బార్బడోస్‌లో 70 లక్షల పౌండ్ల కార్యక్రమం ప్రకటించింది. ఆ 411 మంది మాత్రం 1834లో విముక్తులని పేరు పడినా, 1838 వరకూ ‘అప్రెంటిసు’లుగా అదే తోటల్లో పనిచేయవలసి వచ్చింది.