బళ్ళో పోలీసు ఎవరి కోసం?

అమెరికా బళ్ళలో కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా, అక్కడ పిల్లల్ని చదివించుకుంటున్న మనవాళ్ళు అనే మాట ఒకటే: "స్కూలుకో పోలీసుని పెట్టొచ్చు కదా!" పెట్టారండీ. 1999లో కొలంబైన్‌లో ఉన్నాడు. 2018లో పార్క్‌లాండ్‌లోనూ ఉన్నాడు, లోపల కాల్పులు జరుగుతుంటే బయటే ఆగిపోయాడు. 2022లో యువాల్డీకి 376 మంది వచ్చారు. హంతకుడున్న గదిలోకి వెళ్ళి వాణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టింది.

అసలు బళ్ళో పోలీసు పని ఎవర్ని కాపాడటానికి? ఈ ప్రశ్న మా వైపు నూరేళ్ళ కిందటే వచ్చింది. మాది కోరుకొండ (సైనిక్ స్కూలున్న కోరుకొండ కాదు, అది విజయనగరం దగ్గర. మాది రాజమండ్రి పక్కన, నరసింహస్వామి కొండ ఉన్న ఊరు).

1905లో వంగ విభజన గొడవలప్పుడు బెంగాల్ ప్రభుత్వం కార్లైల్ సర్క్యులర్ అని ఒకటి పంపింది. పిల్లలు ఉద్యమంలోకి వెళ్తే బడికి గ్రాంటు ఆపేస్తాం, అవసరమైతే పంతుళ్ళనే స్పెషల్ కానిస్టేబుళ్ళుగా చేర్చుకుంటాం అని. పంతులు చేతికే లాఠీ అన్నమాట!

1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. ఆయన ఉపన్యాసాలని చిలకమర్తి వారు తెలుగులో చెప్పారు. కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని కాలేజీకెళ్తే ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ కుదరదన్నాడు. సమ్మె చేస్తే వందమందికి పైగా సస్పెండ్ చేశాడు. ట్రైనింగ్ కాలేజీలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని ఏకంగా వెళ్ళగొట్టాడు. ఆ మరుసటి ఏడే ఆయన బెజవాడలో స్వరాజ్య పత్రిక నడుపుతూ రాజద్రోహం కేసులో జైలుకెళ్ళారు. కాలేజీలో సద్దుమణిగింది, నిజమే. కానీ బ్యాడ్జీ వల్ల ఏ పిల్లాడికి ప్రమాదమొచ్చిందో నాకైతే అర్థం కాదు.

మే నెలాఖరున కాకినాడలో ఇంకా ఘోరం. వందేమాతరం అన్నందుకు ఒక కుర్రాణ్ణి జిల్లా వైద్యాధికారి కెప్టెన్ కెంప్ చావబాది పోలీస్ స్టేషన్లో అప్పగించాడు. కొట్టినాయన క్లబ్బుకి భోజనానికెళ్ళాడు, దెబ్బలు తిన్నవాడు స్టేషన్‌కెళ్ళాడు! ఆ రాత్రి జనం క్లబ్బు మీద పడ్డారు. అల్లరి ఎవరిదనే తప్ప, దెబ్బ ఎవరికి తగిలిందని పట్టించుకునే ఏర్పాటు కాదది.

అమెరికా బళ్ళలో రోజూ తిరిగే పోలీసు విషయంలో పరిశోధనలు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. కొట్లాటలు కొంత తగ్గుతాయి. సస్పెన్షన్లు, అరెస్టులు పెరుగుతాయి, నల్లజాతి పిల్లలకి మరీ ఎక్కువ. కాల్పులు మాత్రం ఆగవు. 1980-2019 మధ్య జరిగిన 133 ఘటనలని చూసిన 2021 నాటి అధ్యయనంలో, సాయుధ గార్డు ఉన్న చోట మరణాల రేటు 2.83 రెట్లు ఎక్కువ తేలింది. "అది కోరిలేషనే బాబూ" అంటారని తెలుసు. ఒప్పుకుంటా. కానీ గార్డు వల్ల చావులు తగ్గాయని చెప్పడానికి అందులో ఏమీ దొరకదు మరి.

అలాగని పోలీసే వద్దనను. మన 1997 ర్యాగింగ్ నిషేధ చట్టం చూడండి. ఫిర్యాదు వచ్చాక కూడా కదలని కాలేజీ పెద్దని నేరానికి తోడ్పడినవాడిగా లెక్కేస్తుంది. అంటే ఆ చట్టం కింద వచ్చే పోలీసు ప్రిన్సిపాల్‌ని కూడా నిలదీయొచ్చు. 1907లో హంటర్ దొరకి ఆ బెడద లేదు.