'ఫ్లాంబాయంట్' - మెప్పా, ఎత్తిపొడుపా?

మన కాలపు పదవీ విరమణ సభల్లో సన్మానపత్రం ఇంగ్లీషులో చదవడం ఒక మర్యాదగా ఉండేది. ఆఫీసులో ఇంగ్లీషు కాస్త బాగా వచ్చిన హెడ్ గుమాస్తాగారి మీద ఆ భారం పడేది. అటువంటి పత్రాల్లో నేను పలుమార్లు విన్న మాట 'ఫ్లాంబాయంట్'. దండలు వేయించుకున్నవారు దాన్ని మెప్పుగానే స్వీకరించేవారు. కాని ఆ మాటకు హుషారైన, ఆకర్షణ గల అన్న అర్థమూ ఉంది, హంగు ఎక్కువైన అన్న అర్థమూ ఉంది.

గిద్దలూరులో నాతో పనిచేసిన ఒక మిత్రుని కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో పై అధికారి ఒకరు ఈ మాటే రాశారు. (ఆ రిపోర్టులు ఎంత రహస్యమో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.) ప్రమోషన్ దగ్గర పడిన సమయం. తిట్టయితే సంజాయిషీ ఇచ్చుకోవాలి, మెప్పయితే నోరు మూసుకుని కూర్చోవాలి. సెక్షన్లో మూడు రోజులు ఇదే చర్చ. తరువాత వచ్చిన అధికారి దాన్ని 'చురుకైనవాడు' అని అర్థం చేసుకున్నారు గనుక గండం గడిచింది. అదే 'ఆస్టెంటేషస్' అని రాసి ఉంటే తప్పించుకునే దారి లేదు. ఎత్తి చూపించడం అనే అర్థం గల లాటిన్ మాట నుంచి పుట్టిన ఆ పదంలో నింద తప్ప పొగడ్త లేదు.

ఫ్లాంబాయంట్ ఫ్రెంచి మాట. మంటలాగా రగిలేది అని అర్థం. 15వ శతాబ్దంలో ఫ్రాన్సులో కట్టిన చర్చీల కిటికీల్లో రాతి అల్లిక అగ్నిజ్వాలల్లా మెలికలు తిరిగి ఉంటుంది. ఆ శిల్పరీతికి పేరుగా ఈ మాట 1830ల్లో ఇంగ్లీషులోకి వచ్చింది. మనుషులకు తగిలించడం ఆ తరువాతి సంగతి.

ఒక చెట్టుకు కూడా ఇదే పేరు. మడగాస్కర్ దీవి నుంచి లోకమంతా పాకిన ఆ చెట్టును ఉత్తరాదివారు గుల్‌మొహర్ అంటారు, మనం తురాయి అంటాం. మార్కాపురం ఎండలకు గడ్డిపోచ కూడా మాడిపోయే మే నెలలో ఆఫీసు ఆవరణలో అదొక్కటే ఎర్రగా విరగబూసి నిలబడేది. దాని మొగ్గలు విప్పి, లోపలి కేసరాలతో పిల్లలు కోడిపుంజుల పందెం ఆడేవారు. తురాయి అంటే తలపాగా మీద పెట్టే కుచ్చు. ఇంగ్లీషువాడికి మంట కనిపించిన చోట మనవాళ్లకు సర్దారుగారి తలపాగా కనిపించిందన్నమాట!

నిజానికి ఆర్భాటానికి మన దగ్గర మాటల కరువు లేదు. ఆడంబరం సంస్కృతంలో ఒక రకం భేరి పేరు. పటాటోపం అంటే పాము పడగ విప్పడం. డాబు, దర్జా, షోకు, బడాయి తురకల దొరతనంతో వచ్చి స్థిరపడ్డాయి. 1800లో నిజాము కుంఫిణీకి వదులుకున్న సీమ మనది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్నవాళ్లం. కనుక ఆ మాటలు మన నోట ఇంకొంచెం సహజంగా పలుకుతాయని నా అభిప్రాయం. దర్జా అంటే మొదట హోదా, అంతస్తు అనే. ముందు బిళ్లబంట్రోతు, వెనుక ఫైళ్ల పెట్టెలతో దొరగారు జమాబందీకి దిగితే కనిపించేది ఆ దర్జాయే. జనం మాత్రం చాటుగా 'పైన పటారం, లోన లొటారం' అని నవ్వుకునేవారు.

ఫ్లాంబాయంట్‌కు చరిత్రలో ఉదాహరణ చూపమంటే నేను 1877 జనవరి 1 నాటి ఢిల్లీ దర్బారును చూపిస్తాను. విక్టోరియా రాణిని హిందూదేశ చక్రవర్తినిగా ప్రకటించడానికి వైస్రాయి లిట్టన్ జరిపిన వేడుక అది. సంస్థానాధీశులకు వంశచిహ్నాలు కుట్టిన పట్టు పతాకాలు బహూకరించారు. వేలాది అతిథులకు రోజుల తరబడి విందులు నడిచాయి. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు కూడా అక్కడే ఉన్నారు. మన ఒంగోలు తీరాన పారే కాలువకు ఉన్న పేరు ఆయనదే.

సరిగ్గా అదే సమయంలో మన సీమలో ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. ఢిల్లీ నుంచి కరువు తనిఖీకి వచ్చిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించమని, కరువు పనుల్లో రాళ్లు మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన స్వల్పంగా డబ్బు చాలునన్నాడు. ఆ తిండితో మనిషి పనిచేసి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ వాదించాడు. కొన్ని నెలలకు గాని కూలి పెరగలేదు. లిట్టన్ దొరతనానికి ఆ దర్బారు నిస్సందేహంగా మెప్పే. ఇక్కడి లెక్క వేరు. 1871 జనాభా లెక్కల్లో 9 లక్షలు దాటి ఉన్న కర్నూలు జిల్లా జనం 1881 నాటికి 7 లక్షల లోపుకు పడిపోయారు. కంభం, మార్కాపురం తాలూకాలు ఆ లెక్కలోవే.