ఇరవయ్యారు మొనల కాగితపు నక్షత్రం

క్రిస్మస్ రోజుల్లో ఇంటి ముంగిట వేలాడే కాగితపు నక్షత్రాలు ఒక్కో దేశంలో ఒక్కో రూపంలో కనిపిస్తాయి. వాటిలో చాలావాటి పుట్టుకను ఊహించుకోవలసిందే గాని, జర్మనీలో పుట్టిన హెర్న్‌హూట్ నక్షత్రానికి మాత్రం ఊరూ, బడీ, వంశచరిత్రా ఉన్నాయి. సాక్సనీ రాష్ట్రపు తూర్పు అంచున, చెక్, పోలండ్ సరిహద్దులకు చేరువలో ఉన్న హెర్న్‌హూట్ అనే చిన్న పట్టణం పేరు దానికి వచ్చింది; ఆ పట్టణాన్ని నిర్మించుకున్న మొరావియన్ సంఘం పేరు మీద మొరావియన్ నక్షత్రమని కూడా అంటారు. గోడకు అంటించే పలక వంటి నక్షత్రం కాదిది. లోపల దీపం వెలుగుతుండగా పక్కలకూ, మీదికీ, కిందికీ అన్ని వైపులకూ మొనలు చాచి నిలిచే బోలు ఆకృతి. పండుగ అలంకారంగా ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న ఈ వస్తువు, పండుగతో ఏ సంబంధమూ లేని ఒక లెక్కల పాఠం నుంచి పుట్టిందన్నది దాని చరిత్రలో అన్నిటికన్నా గమనించదగిన సంగతి.

మొరావియన్ సంఘం మూలాలు బొహీమియాలో, అంటే నేటి చెక్ దేశపు పశ్చిమ భాగంలో ఉన్నాయి. మతసంస్కరణ కోరినందుకు 1415లో కాన్‌స్టాన్స్ నగరంలో సజీవ దహనానికి గురైన యాన్ హుస్ బోధనలను నమ్మినవారు 1457లో ఒక సోదర సంఘంగా ఏర్పడి, తరువాతి శతాబ్దాల్లో తీవ్రమైన అణచివేతకు లోనై, చెల్లాచెదురై రహస్యంగా బతికారు. వారిలో కొందరు మొరావియా నుంచి సరిహద్దు దాటి వచ్చినప్పుడు, సాక్సనీలో జమీందారుగా ఉన్న నికొలస్ లుడ్విగ్ వాన్ జిన్‌జెండోర్ఫ్ తన భూముల్లో వారికి చోటిచ్చాడు. 1722 జూన్ 17న క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి అక్కడి అడవిలో తొలి చెట్టు నరకడంతో హెర్న్‌హూట్ మొదలైంది. ఆ పేరుకు ప్రభువు కాపుదల అని అర్థం. పదేళ్లు తిరిగేసరికి, శరణు కోరి వచ్చిన ఆ చిన్న గుంపే దూరదేశాలకు మత ప్రచారకులను పంపడం ప్రారంభించింది. 1732లో కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవికీ, మరుసటి ఏడు గ్రీన్‌లాండ్‌కూ, ఆ తరువాత సురినామ్, దక్షిణాఫ్రికా, లాబ్రడార్ ప్రాంతాలకూ వారు వెళ్లారు.

ఈ ప్రయాణాలకు తగిన మూల్యం చెల్లించినవారు పిల్లలు. ఉష్ణమండలపు జ్వరాలకూ, ధ్రువప్రాంతపు చలికీ భయపడీ, చదువు సాగదనీ, ప్రచారకులు తమ బిడ్డలను చిన్న వయసులోనే ఐరోపాకు పంపి, సంఘం నడిపే ఆవాస పాఠశాలల్లో, అంటే చదువూ వసతీ ఒకే చోట ఉండే బడుల్లో చేర్చేవారు. ఉత్తరం చేరడానికే నెలలు పట్టే ఆ కాలంలో, అలా విడిపోయిన తల్లినీ బిడ్డనూ సముద్రాలు ఏళ్ల తరబడి వేరుచేసేవి; మళ్లీ కలుసుకోకుండానే కన్నుమూసినవారూ ఉన్నారు. హెర్న్‌హూట్‌కు ఉత్తరాన, బొహీమియా నుంచి వచ్చిన శరణార్థులు 1742లో నెలకొల్పుకున్న నీస్కీ అనే ఊళ్లోని మగపిల్లల పాఠశాల అటువంటిదే. కాగితపు నక్షత్రం పుట్టిల్లు ఆ పాఠశాలే.

19వ శతాబ్ది పూర్వార్ధంలో నీస్కీలో గణితం బోధించిన పద్ధతిని ఈ సందర్భంలో మెచ్చుకోక తప్పదు. ఘనాకృతులను, అనగా పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఉన్న ఆకారాలను పలక మీద గీసి చూపితే పిల్లల కంటికి ఆనవు గనుక, వాటిని దళసరి కాగితంతో స్వయంగా కత్తిరించి, మడిచి, అంటించి కట్టించేవారు. అలా కట్టిన బొమ్మ ప్రతి ముఖం మీదా ఒక కూచి స్తూపాన్ని నిలిపితే అది నక్షత్రమవుతుందని గ్రహించడమే ఆ బడి చేసిన ఆవిష్కరణ. నీస్కీ విద్యాలయం అర్ధశతాబ్ది ఉత్సవానికి ఏకంగా 110 మొనల నక్షత్రాన్ని కట్టి, దీపం వెలిగించి వేలాడదీశారు. ఈ నక్షత్రం గురించి దొరికే తొలి ప్రస్తావన ఆ ఉత్సవానిదే.

ఎన్నో లెక్కల మొనలతో నక్షత్రాలు కట్టవచ్చు గాని, చివరికి జనంలో నిలిచినది 26 ముఖాల ఆకృతి. దాన్ని ఊహించుకోవడానికి ఒక పాచికను తలచుకుంటే చాలు. పాచికకు 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు ఉంటాయి. ఆరు ముఖాలనూ బయటికి సమానంగా లాగితే, వాటి మధ్య ఒక్కో అంచు దగ్గర ఒక సందు, ఒక్కో మూల దగ్గర ఒక ఖాళీ ఏర్పడతాయి. తగినంత దూరం లాగినప్పుడు అంచుల దగ్గరి 12 సందులను ముఖాలంతటి చతురస్రాలతోనే పూడ్చవచ్చు, మూలల దగ్గరి 8 ఖాళీలను సమబాహు త్రిభుజాలతో మూయవచ్చు. అంటే 18 చతురస్రాలు, 8 త్రిభుజాలు, మొత్తం 26. ఇది ఆర్కిమిడీస్ వర్ణించాడని చెప్పే 13 ఘనాకృతుల్లో ఒకటి. ఇటలీ గణితజ్ఞుడు లూకా పచోలీ పేరు మీద ప్రసిద్ధమైన 1495 నాటి చిత్రపటంలో, సగం నీళ్లు నింపిన గాజు పాత్రగా దారానికి వేలాడుతూ కనిపించేది ఈ ఆకృతే. అదే పచోలీ 1509లో అచ్చు వేయించిన పుస్తకానికి లియొనార్డో డావిన్సీ గీసిన బొమ్మల్లోనూ ఇది ఉంది. పండితుల పటాల్లో శతాబ్దాల పాటు ఉండిపోయిన దాన్ని దీపంగా మార్చి చావడిలో వేలాడదీసిన ఘనత మాత్రం ఊరూ పేరూ నిలవని బడిపిల్లలదే.

ఒక్క మొనను కట్టే తీరును దగ్గరగా చూస్తే, అది ఎందుకు పాఠమయిందో తెలుస్తుంది. నాలుగు పలకల మొనకు, సన్నగా పొడుగ్గా ఉన్న నాలుగు సమద్విబాహు త్రిభుజాలను విసనకర్ర మడతల్లా పక్కపక్కన కాగితం మీద గీస్తారు. చివరి త్రిభుజం పక్కన జిగురు పూయడానికి వేలెడు కన్నా సన్నని పట్టీని, అడుగున పక్క మొనకు అతికే అంచులను వదులుతారు. కత్తిరించే ముందు మడత పడవలసిన ప్రతి గీత మీదా మొండి కత్తితో, కాగితం తెగకుండా, స్కేలు ఆనించి ఒక గాటు లాగుతారు. ఈ గాటు పెట్టని కాగితం మడత దగ్గర నలుగుతుంది, మొన కొస వంకర పోతుంది. త్రిభుజాకార ముఖం మీద నిలిచే మొనకు మూడే పలకలు. చతురస్రమైనా త్రిభుజమైనా అడుగు అంచు పొడవు మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. నక్షత్రం నడుము చుట్టూ 8 మొనలు వలయంగా నిలుస్తాయి గనుక, ఒక్కోదానిలో దొర్లిన వెంట్రుకవాసి తేడా ఎనిమిదింతలై, వలయం మూసుకునే చోట నోరు తెరిచి కనిపిస్తుంది. నడుముకు పైన నాలుగు చతురస్ర మొనలూ నాలుగు త్రిభుజ మొనలూ కలిసి ఒక వరుస, కింద అటువంటిదే మరొక వరుస, అట్టడుగున ఒక మొన. నెత్తిన ఉన్న చతురస్రాన్ని మాత్రం దీపం దించడానికి తెరిచి ఉంచుతారు. కాబట్టి 26 మొనలదని పేరున్నా, అతికించే కాగితపు మొనలు 17 చతురస్రాలవి, 8 త్రిభుజాలవి, వెరసి 25.

క్రీస్తు జననోత్సవానికి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని ఆగమన కాలం అంటారు. ఆవాస పాఠశాలల్లో ఆ కాలపు మొదటి ఆదివారం నాడు పిల్లలంతా తమ గదిలో చేరి నక్షత్రాన్ని కట్టడం ఆనవాయితీ అయింది. మత్తయి సువార్తలో తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రానికి అది గుర్తు అయింది. తొలి నక్షత్రాలకు వాడిన రంగులు తెలుపు, ఎరుపు. తెలుపు పవిత్రతకూ, ఎరుపు క్రీస్తు రక్తానికీ సంకేతాలని సంఘంలో చెప్పుకునేవారు. జ్ఞానుల రాకను తలచుకునే జనవరి 6 దాకా దాన్ని ఉంచి, ఆపైన విప్పి దాచేవారు. కన్నవారికి దూరంగా గడిపే పండుగలో ఆ పిల్లలకు తాము కట్టిన దీపమే ఇంటి జ్ఞాపకం. పెద్దయి, పెళ్లిళ్లయి, తాము ప్రచారకులుగానో వర్తకులుగానో దేశాలు పట్టి వెళ్లినప్పుడు, బడిలో చేతులు నేర్చుకున్న ఆ పని వారితోపాటే వెళ్లింది. నక్షత్రం బడి గడప దాటి ఇళ్లలోకి వచ్చిన దారి అదే.

అంగట్లోకి అది వచ్చిన కథ వేరు. ఆ బడిలోనే చదువుకున్న పీటర్ హెండ్రిక్ వెర్బేక్ హెర్న్‌హూట్‌లో పుస్తకాల దుకాణం నడుపుతూ, 1880 ప్రాంతం నుంచి నక్షత్రాలనూ, వాటిని కట్టే విధానం తెలిపే సూచనలనూ అమ్మసాగాడు. కట్టిన నక్షత్రాన్ని పెట్టెలో పెట్టి పంపితే మొనలు చితికిపోతాయి. అందుకని అతడు రేకుతో లోపలి గోళాన్ని చేయించి, కాగితపు మొనలను దానికి తొడిగేలా, పండుగ అయ్యాక ఊడదీసేలా అమర్చాడు. 1897 నుంచి తయారీ క్రమంగా సాగింది. అతడి కొడుకు హ్యారీ 1920లలో ఇందుకోసం ఒక సంస్థనే స్థాపించి, రేకు గోళం అక్కరలేకుండా మొనలు ఒకదానికొకటి పట్టుకొని తమ బరువు తామే మోసుకునే పద్ధతిని సాధించాడు. కాళ్లు రెండుగా చీలి వెనక్కి మడిచే ఇత్తడి పిన్నులతో వాటిని జోడించే ఆ పద్ధతి నేటికీ చెలామణిలో ఉంది.

పండుగ శుభాకాంక్షల కార్డు గతితో దీన్ని పోల్చి చూస్తే వెర్బేక్ తండ్రీకొడుకుల పని విలువ తెలుస్తుంది. లండన్‌లో హెన్రీ కోల్ 1843లో చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చేత బొమ్మ వేయించి, సుమారు వెయ్యి ప్రతులు అచ్చొత్తించి, ఒక్కోటి ఒక షిల్లింగుకు అమ్మించినప్పటి నుంచి క్రిస్మస్ కార్డు అచ్చుయంత్రం సొత్తయింది. కొన్నవారికి దాని మీద సంతకం చేయడం తప్ప మరో పని మిగలలేదు. ఆ తరువాత మనుషులు మళ్లీ కత్తెర, రంగు కాగితాలు, జిగురు పట్టుకొని సొంతంగా కార్డులు చేసుకోవడానికి ఆ వెలితే కారణం కావచ్చు. హెర్న్‌హూట్ నక్షత్రం కర్మాగారంలో తయారైనా, విడి మొనల కట్టగానే ఇంటికి చేరుతుంది. ఇంట్లో అందరూ కూర్చొని, పిన్నులు ఒక్కొక్కటే మడిచి, గంటసేపు శ్రమపడితే గాని అది నక్షత్రం కాదు. సరుకుగా మారిన తరువాత కూడా చేతిపనిని కొనుక్కున్నవారికే మిగల్చగలిగిన వస్తువులు అరుదు. ఈ నక్షత్రానికి దక్కిన ఆయుష్షుకు మతం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

1945 మే నెలలో యుద్ధం ముగుస్తున్న వేళ హెర్న్‌హూట్ నడిబొడ్డు కాలిపోయింది, కర్మాగారమూ బాగా దెబ్బతిన్నది. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1950లలో దాన్ని కొంతకాలం స్వాధీనం చేసుకొని, ఆపైన 1747 నాటి నుంచి సంఘానికి చెందిన అబ్రహాం డ్యూర్నింగర్ వ్యాపార సంస్థకు అప్పగించింది. కొత్తగా ఆరుబయట వానకు తట్టుకునే ప్లాస్టిక్ నక్షత్రాలు వచ్చినా కాగితపువి ఆగలేదు. అమెరికాలో మొరావియన్లు కట్టుకున్న బెత్లెహేమ్, సేలం పట్టణాల్లోనూ ఇవి వెలుగుతాయి. మొరావియన్ల పట్టణ నిర్మాణానికి గుర్తింపుగా హెర్న్‌హూట్, బెత్లెహేమ్‌లు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది 2024 జూలైలో. ఆ నిర్ణయం జరిగిన సమావేశాలకు వేదిక న్యూఢిల్లీ.

భారతదేశంతో ఈ సంఘానికి అంతకన్నా పాత సంబంధమే ఉంది. 1760లో మొరావియన్లు డేన్‌ల అధీనంలోని తరంగంబాడికి వచ్చి నివాసం ఏర్పరచుకున్నా అది నిలవలేదు. 1885లో లదాఖ్‌లోని లేహ్‌లో స్థాపించిన సంఘం నేటికీ ఉంది. కాగితంతో రేఖాగణితం నేర్పవచ్చన్న ఆలోచన మాత్రం వేరే దారిన దక్షిణ భారతానికి వచ్చింది. జర్మన్ విద్యావేత్త ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ శిశువిద్యలో ప్రవేశపెట్టిన కాగితపు మడతలు చూసి ప్రేరణ పొందిన టి. సుందరరావు, స్కేలూ వృత్తలేఖినీ లేకుండా కాగితం మడిచి రేఖాగణిత నిర్మాణాలు సాధించే పద్ధతులతో ఒక గ్రంథం రాసి 1893లో మద్రాసులో ప్రచురించాడు. నీస్కీ పిల్లలు చేసినదానికీ ఆయన రాసినదానికీ తెలిసిన సంబంధమేదీ లేకపోయినా, వేళ్లకు తెలిసినది బుద్ధికి తెలుస్తుందన్న నమ్మకం రెండింటిలోనూ ఒకటే.

తెలుగునాట మత ప్రచారం సాగించినవి ప్రధానంగా లూథరన్, బాప్టిస్టు, ఆంగ్లికన్, కాథలిక్ సంఘాలు. ఇక్కడ డిసెంబరు నెలలో ఇళ్ల మీద, చర్చి ఆవరణల్లో వెలిగే నక్షత్రం 26 మొనలది కాదు, అయిదు కొమ్ములది. దాని ఎముకలు వెదురువి. గాలిపటాలు కట్టే చేతులకు కొత్త కాని పనే అది. సమానమైన పొడవుతో చీల్చి నునుపు చేసిన పది వెదురు బద్దల్లో, కలం ఎత్తకుండా నక్షత్రం గీసినట్టు అయిదింటిని ఒకదాని మీదుగా ఒకటి దాటించి కట్టి ఒక చట్రం, మిగతా అయిదింటితో మరో చట్రం చేస్తారు. రెండింటినీ అయిదు కొమ్ముల కొసల దగ్గర దారంతో బిగించి, లోపల బద్దలు దాటుకునే అయిదు చోట్ల జానెడు పుల్లలను అడ్డంగా నిలిపితే, పలచగా ఉన్న నక్షత్రం నడుము ఉబ్బి బోలుగా అవుతుంది. మైదా ఉడికించి చేసిన జిగురుతో రంగు కాగితాన్ని బద్దలకు అంటించి, అంచులకు జాలరు కత్తిరించి, ఆరనిస్తారు. వెనుక వైపు ఒక కొమ్ము పక్క మాత్రం కాగితం అంటించరు. బల్బు పెట్టేదీ, మాడిపోతే మార్చేదీ ఆ సందులోంచే.